ఎడమచేతికి తగిన కత్తి

మన ఇండ్లలో కూర తరగడానికి కత్తిపీట వాడని కుటుంబం ఒకప్పుడు అరుదు. చెక్కపీట మీద నిలువుగా లేచి ముందుకు వంగిన ఇనుపకత్తి, కొసన కొబ్బరి కోరుకునే పండ్లు. మా నగరి సరిహద్దు ఊరు గనుక, తమిళం మాట్లాడే మా బంధువులు దీన్నే అరువామనై అంటారు. పేరేదైనా పని ఒక్కటే. మామూలు కత్తితో కోసేటప్పుడు కాయ కదలదు, కత్తి కదులుతుంది. కత్తిపీట దగ్గర కత్తి కదలదు, కాయ కదులుతుంది. పీటను కాలితో తొక్కిపట్టి, కాయను రెండు చేతులతో రెండువైపులా పట్టుకొని కత్తికి ఎదురు నెట్టాలి. ఎంత చిన్న ఎర్రగడ్డయినా రెండు చేతులూ కావాలి. రెండు చేతులూ ఉన్నంతకాలం ఈ సంగతిని ఎవరూ ఆలోచించరు.

మా ఇంట్లో ఆలోచించవలసిన అవసరం 2018లో వచ్చింది. ఆ వేసవిలో ఒక ఆదివారం తెల్లవారుజామున నా భార్యకు పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమవైపు రక్తం అందకపోతే దేహంలో కుడివైపు పడిపోతుందట. ఆమెకు కుడిచెయ్యి, కుడికాలు, కొంత మాట పోయాయి. ప్రభువు కృపవలన నాలుగు నెలలకు కర్ర పట్టుకొని నడిచింది. మాట కూడా దాదాపు తిరిగి వచ్చింది. కుడిచేతి వ్రేళ్లు మాత్రం ముడుచుకొనే ఉండిపోయాయి. పుత్తూరు దగ్గరే కదా, కట్టు కట్టించమని ఇరుగుపొరుగువారు చెప్పారు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు పేరు పొందినది. ఇక్కడ ఎముక బాగానే ఉంది, దాన్ని కదిలించే ఆజ్ఞే మెదడునుండి రావడం లేదు.

ఆమె మా సంఘంలో స్త్రీల సమాజానికి పాత సభ్యురాలు. కోతపండుగ ప్రేమవిందుకు తెల్లవారకముందే లేచి బస్తా ఎర్రగడ్డలు కోయడంలో ముందుండేది. అలాంటి మనిషిని మేమందరం ప్రేమతోనే కూర్చోబెట్టాము. "అమ్మా, ఇంక నీకెందుకమ్మా వంటపని" అని మా అబ్బాయి. "నేనుండాను కదా అత్తా" అని కోడలు. ఆ పిల్ల మాట మాటవరుసకు అన్నది కాదు, నిజంగానే అన్నీ చేసిపెట్టేది. కొన్నాళ్లు చూసి నా భార్య నాతో అన్నమాట ఇది: "కూర్చోబెట్టి పెడతా ఉంటే, మన ఇంట్లోనే నేను చుట్టమైపోతాను గదయ్యా."

ఒకరోజు ఎవరూ లేనప్పుడు ఆమె కత్తిపీట ముందు కూర్చొని ఎడమచేత్తో వంకాయ కోయబోయింది. రెండోవైపు పట్టే చెయ్యి లేక కాయ పొర్లింది, బొటనవ్రేలు తెగింది. మూడు కుట్లు పడ్డాయి. గాయం చిన్నదే. కాని అది ఆమెకు మిగిలిన ఒక్క చెయ్యి. ఆ పది రోజులు ముద్ద కలుపుకోవడానికి, జుట్టు దువ్వుకోవడానికి, కర్ర పట్టుకోవడానికి కూడా చెయ్యి లేకపోయింది. మా అబ్బాయి కత్తిపీటను అటకమీద పెట్టేశాడు. ఆమె ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నాకు భయం వేసింది.

వేలూరు ఆసుపత్రిలో చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఈ సంగతి అక్కడ చేతిపనుల చికిత్స చేసే అమ్మాయితో చెప్పాను. దాన్ని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. పోయిన శక్తిని ఇంటిపనుల ద్వారానే తిరిగి రాబట్టడం, రానిదానికి పనిముట్టును మార్చి ఇవ్వడం వారి పని. ఆమె అల్మారాలోంచి విదేశాలలో తయారైన ఒక కత్తి తీసి చూపించింది. అంచు అర్ధచంద్రాకారంలో వంగి ఉంది. కోత కోసినట్టు ముందుకూ వెనక్కూ లాగకూడదు. కాయమీద ఆనించి ఊయలవలె ఇటూ అటూ ఒరిగిస్తే చాలు, అదే తెగుతుంది. బరువంతా పైనుండి నేరుగా దిగుతుంది గనుక కాయ జారదు. అందుచేత రెండో చెయ్యి అంతగా అవసరం లేదు. అలాస్కా మంచుదేశంలోని స్త్రీలు ఎంతోకాలంగా 'ఊలు' అనే ఇలాంటి కత్తితోనే చేపలు, మాంసం కోస్తున్నారట. 1797లో యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకొన్న ఇంగ్లీషు నౌకాధిపతి నెల్సన్ కత్తి, ఫోర్కు కలిసిన పనిముట్టుతో భోజనం చేసేవాడట. ఆ రకం కత్తికి ఆయన పేరే నిలిచిపోయింది.

వేలూరుకు ఇలాంటి ఆలోచన కొత్త కాదు. కొల్లిమలలోని మిషనరీ దంపతుల కుమారుడైన పాల్ బ్రాండ్ గారు వైద్యం చదవకముందు వడ్రంగం, ఇండ్లు కట్టే పని నేర్చుకొన్నారు. 1946లో వేలూరు వచ్చి, కుష్ఠరోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. చెయ్యి బాగైతే సరిపోదు, ఆ చెయ్యి పని చెయ్యాలి కదా. 1950ల తొలినాళ్లలో వారికి వడ్రంగం నేర్పించేటప్పుడు, స్పర్శ లేని చెయ్యి పనిముట్టును అవసరానికి మించి బిగించి పట్టి పుండ్లు తెచ్చుకొంటుందని ఆయన గమనించారు. పిడి సన్నగా, గరుకుగా ఉంటే ఒత్తిడి అంతా ఒకచోటే పడుతుంది. లావుగా, నున్నగా ఉంటే అరచెయ్యంతా పంచుకొంటుంది. 1954లో కారు ప్రమాదంలో నడుము క్రింద చచ్చుబడిపోయిన డాక్టర్ మేరీ వర్గీస్ గారు చక్రాల కుర్చీలో కూర్చొనే శస్త్రచికిత్సలు చేసి, తరువాత న్యూయార్కులో ఈ విద్య నేర్చుకొని వచ్చారు. వేలూరులో పునరావాస కేంద్రం 1966లో ఆరంభమైంది. నేను ఆ వరండాలో కూర్చొని ఉండగా ఇవన్నీ ఒక్కొక్కటిగా జ్ఞాపకం చేసుకొన్నాను.

ఆ విదేశీ కత్తి మంచిదే గాని, పిడి పెద్ద చేతికి కొలిచినది, ధర మా అందుబాటుకు మించినది. నేను ముప్పై ఏండ్లు మరమగ్గాలు బిగించి, బాగుచేసినవాణ్ని. కొలత ఇస్తే ఇనుము ఏ రూపానికైనా వస్తుందని తెలిసినవాణ్ని. కాబట్టి కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాను.

మొదటి హద్దు ఆమె చెయ్యి. ఎడమ అరచేతిని కాగితం మీద పెట్టి గీశాను. నాలుగు వ్రేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పు మూడు అంగుళాలు. అటూ ఇటూ ముప్పావు చొప్పున వదిలితే పిడి పొడవు నాలుగున్నర. లావు ఎంత? దీనికి నా వృత్తే పనికివచ్చింది. ఒక ఖాళీ కండె తీసుకొని దానిమీద నూలు చుడుతూ ఆమె చేతికి ఇచ్చాను. "ఇంకా సన్నంగా ఉండాది" అన్నప్పుడల్లా ఇంకొంత చుట్టాను. ఒకచోట ఆమె పట్టుకొని వదలలేదు. కొలిస్తే అంగుళంపావు. 

రెండవది బరువు. చిన్న గుడ్డసంచులలో బియ్యం తూచి పోసి, ఒక్కొక్కదాన్ని వందసార్లు ఎత్తి పెట్టమన్నాను. 300 గ్రాముల సంచికి నలభైసార్లకే భుజం లాగింది. 200 గ్రాముల సంచికి వంద పూర్తిచేసి, "ఇంకో నూరు ఎత్తమంటావా?" అని నవ్వింది. కాబట్టి 200 గ్రాములు దాటకూడదు.

మూడవది డబ్బా. మా మనవడికి అప్పుడు మూడేండ్లు, చేతికి అందిందల్లా నోటికీ నేలకూ. కత్తి బయట ఉండడానికి వీల్లేదు. పైగా ఆమె దాన్ని గుడి వంటశాలకు కూడా తీసుకుపోతానంటోంది. క్లిప్పు మూత ఉన్న ఒక స్టీలు టిఫిను డబ్బా ఎంచుకొన్నాను. లోపల ఆరున్నర అంగుళాల పొడవు, నాలుగుంబావు వెడల్పు, రెండు అంగుళాల లోతు. ఆమె ఎడమ బొటనవ్రేలితో క్లిప్పు ఎత్తగలదు, పిల్లవాడు ఎత్తలేడు. పిడితో సహా కత్తి మొత్తం ఇందులో పట్టాలి. 

అంటే ఎత్తు నాలుగు అంగుళాలు దాటకూడదు. అందులో పిడికి అంగుళంపావు పోయింది. పిడిక్రింద వ్రేళ్లు దూరడానికి ఒక అంగుళం వదలాలి. మిగిలింది అంగుళంముప్పావు, అదే కత్తి వెడల్పు. పొడవు ఐదున్నర. పెద్ద ఎర్రగడ్డ అడ్డం మూడు అంగుళాలకు మించదు గనుక ఐదున్నర చాలు.

చట్టం చెప్పే హద్దు ఒకటుంది. దాన్ని గురించి తరువాత ఆచారే అడిగాడు. మన దేశపు ఆయుధాల నియమావళిలో 9 అంగుళాలకన్నా పొడవు లేక 2 అంగుళాలకన్నా వెడల్పు గల కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. 1962 నియమావళిలోనూ, 2016లో వచ్చిన కొత్తదానిలోనూ ఈ కొలతే ఉంది. ఇంటిపనికి, వ్యవసాయానికి ఉద్దేశించి చేసినవాటికి మినహాయింపు ఇచ్చారు. లేకపోతే మన మచ్చుకత్తులన్నీ అందులోకే వచ్చేవి. మా కత్తి కూరకత్తి గనుక ఆ చిక్కే లేదు. కొలతప్రకారం చూసినా లోపలే ఉంది. రాయలసీమలో కొలిమి పెట్టుకొన్నవాడు ఇవి అడగడం సహజమే.

ఈ కొలతలన్నీ చదివి వినిపిస్తే నా భార్య, "ఏహూదు కత్తి ఎంత పొడవు?" అంది. న్యాయాధిపతుల గ్రంథములోని ఏహూదు ఎడమచేతివాడు, తనకోసం మూరెడు పొడవు గల కత్తి చేయించుకొన్నాడు. బైబిలులో ఒక కత్తికి పొడవు ఇంత అని చెప్పిన చోటు అది. "మూరెడు" అన్నాను. "మరి నాది జానెడన్నా లేదే" అంది. నీకు చంపవలసిన మోయాబు రాజు లేడు, వంకాయలే ఉన్నాయి అన్నాను. జబ్బు చేసిన తరువాత ఆమె కడుపారా నవ్వడం ఆ రోజే చూశాను.

ఇక మిగిలింది అంచు వంపు. ఎంత వంచాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. నూనె డబ్బా రేకును మూడు ముక్కలు చేసి, మేకుకు దారం కట్టి వాటిమీద వలయాలు గీశాను. దారం పదిహేను అంగుళాలైతే, ఐదున్నర పొడవులో కొసలు పావు అంగుళం పైకి లేస్తాయి. ఏడుముప్పావు అయితే అర అంగుళం. నాలుగుంబావు అయితే ఒక అంగుళం. మూడు రేకులనూ చెక్కముక్కలకు బిగించి, ఉడికిన ఉర్లగడ్డల మీద ఆమెచేతనే ఒత్తించాను. పదిహేను వంపు ఒరగదు, అంచు మొత్తం ఒక్కసారి దిగాలి గనుక బలం ఎక్కువ కావాలి. నాలుగుంబావు వంపు తొట్టిలవలె ఊగిపోతుంది, మధ్యలో మాత్రం తెగి రెండు ప్రక్కలా అంటుకొని ఉంటుంది, మణికట్టు కూడా మెలికపడుతుంది. ఏడుముప్పావు వంపు ఆమె చేతిలో తనంతట తానే ఒరిగింది. వాళ్లత్తమ్మ ఉర్లగడ్డలతో ఆడుకొంటూ ఉందని కోడలు అనుకొన్నది. ఆ సాయంత్రం ఆ ముక్కలతోనే కూర చేసింది.

ఇశ్రాయేలు దేశములో కమ్మరి లేకుండా ఫిలిష్తీయులు చేశారని, నాగటి నక్కుకైనా గొడ్డలికైనా పదును పెట్టించుకోవడానికి ప్రజలు శత్రువుల దగ్గరికే వెళ్లవలసి వచ్చిందని మొదటి సమూయేలు గ్రంథములో చదువుతాము. ఈ భాగంమీద ప్రసంగం నేను విన్నది తక్కువ. కమ్మరి లేని ఊరు ఎంత నిస్సహాయమో, ఊరిలో కొలిమి ఆరిపోయినప్పుడే తెలుస్తుంది. మా ప్రాంతంలో కూడా కొలుములు తగ్గిపోతున్నాయి. అయినా ఏకాంబరకుప్పం పోయే దారిలో ఒక పెద్దాయన ఇంకా కొలిమి నడుపుతున్నాడు. గీసిన కాగితాన్ని అటూ ఇటూ త్రిప్పి చూశాడు.

"ఏందన్నా ఇది, తాళంకప్ప మాదిరి ఉండాదే!"

"కూరకత్తి ఆచారీ. ఒంటిచేత్తో కొయ్యాలి."

"ఎవురికి?"

చెప్పాను. అతను కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "పిడి నేను చూసుకుంటా. కాళ్లు అతికిస్తే ఊడిపోతాయి. ఒకే రేకులో కిటికీ కోస్తా" అన్నాడు. ఆ కిటికీ ఆలోచన పూర్తిగా అతనిదే. వ్రేళ్లు దూరడానికి కత్తి పైభాగంలో పొడవాటి రంధ్రం, దానిపైన మిగిలిన పట్టీకి రెండువైపులా వేపచెక్క పెట్టి రివిట్లు కొట్టడం. అతుకు లేదు, ఊడే భాగం లేదు.

ఇనుము ఒక పాత లారీ కమాను ముక్క. కమాను కట్టకు వాడే ఉక్కులో వందకు అరపాలు పైచిలుకు కార్బన్ ఉంటుంది. అందుకే అది కాల్చి ముంచితే గట్టిపడుతుంది. మామూలు ఇనుపపట్టీ గట్టిపడదు. ఎర్రగా కాల్చి, సుత్తితో సాగగొట్టి, వీపు దగ్గర రెండు మిల్లీమీటర్ల మందానికి తెచ్చాడు. ఎండ లోపలికి రాకుండా కొలిమికి గోనెపట్టా ఎందుకు కట్టాడో అప్పుడు తెలిసింది. కాలిన ఇనుము రంగును నీడలోనే సరిగ్గా గుర్తుపట్టవచ్చు. తగిన ఎరుపు రాగానే నూనెలో ముంచాడు. అలా ముంచిన ఉక్కు గాజువలె పెళుసు. క్రింద పడితే విరుగుతుంది. దాన్ని ఇసుకతో రుద్ది తెల్లగా మెరిపించి, మళ్లీ సెగమీద మెల్లగా వేడిచేశాడు. మెరుపుమీద ఎండుగడ్డి రంగు ప్రాకింది. "ఇదే, ఇదే" అని వెంటనే తీసేశాడు. ఆ రంగు వచ్చేది రెండువందల డిగ్రీలు దాటిన తరువాత. అతని దగ్గర వేడి కొలిచే యంత్రమేదీ లేదు, కండ్లే ఉన్నాయి.

పదును దగ్గర ఒక సంగతి చెప్పాలి. మా ప్రక్క చాలా కత్తులకు పదును ఒకవైపే తీస్తారు. కుడిచేతివారికి అది కలిసివస్తుంది. అదే కత్తిని ఎడమచేత్తో పట్టితే తిన్నగా దిగక ప్రక్కకు లాగుతుంది. అందుకని రెండువైపులా సమానంగా తీయమన్నాను. ఎడమచేతివాటం బిడ్డలున్న తల్లిదండ్రులు కూడా ఇది గుర్తుంచుకోవచ్చు. బిడ్డకు పని రాదని తిట్టేముందు చేతిలోని కత్తి ఎటువైపుదో చూడాలి.

తూచితే 200 గ్రాములకు కాస్త తక్కువే వచ్చింది. డబ్బాలో పెట్టి మూత వేస్తే క్లిప్పు పడింది. ఆచారి 350 రూపాయలు తీసుకొన్నాడు. ఎక్కువ ఇస్తానంటే కోప్పడ్డాడు.

కత్తి ఒక్కటే చాలదు, కాయను పట్టే రెండో చెయ్యి ఒకటి కావాలి. వేలూరు అమ్మాయి చెప్పిన ప్రకారం ఒక వేపపలకకు క్రిందినుండి రెండు స్టీలు మేకులు దిగగొట్టి, మొనలు పైకి అంగుళం వచ్చేలా చేశాను. ఎర్రగడ్డనో ఉర్లగడ్డనో వాటికి గుచ్చితే కదలదు. పలక ఒక మూలన రెండు చిన్న బద్దలు కొట్టాను. ఆకుకూర కట్టను ఆ మూలకు ఆనించి తరగవచ్చు. పలక జారకుండా క్రింద పాత హవాయి చెప్పు రబ్బరు అంటించాను. పని లేనప్పుడు మేకుల మొనలకు అదే రబ్బరు ముక్క గుచ్చి ఉంచుతాము. కత్తి తుప్పుపట్టే ఉక్కు గనుక కడిగిన వెంటనే తుడిచి, చుక్క వేరుశనగనూనె రాయాలి. నూనె రాసేది మా మనవడు. ఇప్పుడు వాడికి ఆ వయస్సు వచ్చింది.

మొదటి దినం అరకిలో ఎర్రగడ్డలకు ముప్పావుగంట పట్టింది. ముక్కలు ఒకటి పెద్ద, ఒకటి చిన్న. కోడలు సాయం చేయబోతే నేను కనుసైగ చేసి ఆపాను. ఆమె కండ్లలో నీళ్లు వచ్చాయి. ఎర్రగడ్డలవల్లనే అని చెప్పింది, మేమూ సరే అన్నాము. రెండు నెలలకు అదే పని పావుగంటలో చేసింది. ఎడమచెయ్యి మరల తెగలేదు. కుడిచేతిని కూడా ఊరికే ఉంచవద్దని వేలూరులో చెప్పారు గనుక, ముడుచుకొన్న పిడికిలిని పలక అంచుమీద బరువుగా ఆనించి కూర్చొంటుంది. దానివల్ల వ్రేళ్లు విచ్చుకొన్నాయని చెప్పలేను. ఆ చెయ్యి ఒడిలో పడి ఉండడం మాత్రం పోయింది.

మరుసటి కోతపండుగకు ముందురోజు సహోదరీలందరూ వంటశాలలో చాపలమీద కత్తిపీటలు వేసుకొని కూర్చొన్నారు. ఈమె మాత్రం బల్ల దగ్గర కుర్చీలో కూర్చొని డబ్బా తెరిచింది. అందరూ చుట్టూ చేరి చూశారు. ఒకామె తాను ప్రయత్నించి, "ఇది నాకు రాదమ్మా" అని తిరిగి ఇచ్చేసింది. రెండు చేతులున్నవారికి ఇది నిదానమే. చిక్కుడుకాయల గంప ఆమె ముందు పెట్టి వెళ్లారు. మధ్యాహ్నానికి గంప ఖాళీ అయింది.

ఆ తరువాత ఆచారి ఇలాంటివి మరి ఐదు చేశాడు. ప్రతిసారీ చేతిని కాగితం మీద గీయించి తెమ్మంటాడు. కండెకు నూలు చుట్టే పని నాది. కీళ్లవాతంతో వ్రేళ్లు వంగని ఒక పెద్దమ్మకు పిడి అంగుళమున్నర లావు కావలసి వచ్చింది. అప్పుడు ఎత్తు పెరిగి ఆ డబ్బాలో పట్టలేదు, వేరే డబ్బా వెదకవలసి వచ్చింది. మగ్గంలో రెండు వ్రేళ్లు పోగొట్టుకొన్న ఒక తమ్ముడికి పిడి పొడవు మూడున్నరే చాలింది. మీలో ఎవరికైనా ఇంట్లో ఇలాంటి అవసరముంటే, పైన చెప్పిన కొలతలు పట్టుకొని మీ దగ్గరి కొలిమికి వెళ్లండి. చెయ్యి కొలత, బియ్యపుసంచి బరువు మాత్రం మీ ఇంట్లోనే తీసుకోండి.

గుమ్మడికాయ, పనసకాయ దీనితో తెగవు. క్యాబేజీని ముందు ఎవరైనా నాలుగు చెక్కలు చేసి ఇవ్వాలి. మునక్కాయ నార తెగక అంచుక్రింద నలుగుతుంది. వారానికి రెండుసార్లు అటకమీదినుండి కత్తిపీట దించి మునక్కాయలు కోసేది నేనే. ముక్కలు సమానంగా లేవని ఆమె నాకు చెప్పని వారం లేదు.